కౌంటర్ ముందు నిలబడి అడిగే పేరు

తొంభైలలో శంషాబాద్ బస్టాపు పక్కన నవలలు అద్దెకిచ్చే అక్క ఒకామె ఉండేది. కొత్త పుస్తకం ఏది వచ్చినా, ముందు దాని పేరు గొంతెత్తి పిలిచి చూసుకున్నాకే అరలో పెట్టేది. భాగవత పారాయణం చేస్తూ రాసుకున్న నా ఏకైక నవల మర్నాడు అచ్చుకు వెళ్లాలనగా ఆమె దగ్గరికి వెళ్లాను. రాతప్రతి ఆమె అప్పటికే చదివింది. నవల పేరు ‘జీవాత్మ పరమాత్మ సాయుజ్య సోపానం’.

“నువ్వే గిరాకీవి అనుకో అన్నా. బయట నిలబడి అడుగు,” అంది.

రాజేంద్రనగర్ బస్సు వచ్చి ఆగింది. “అక్కా, జీవాత్మ పరమాత్మ...” అని మొదలుపెట్టాను. సోపానం చేరేలోపు బస్సు వెళ్లిపోయింది.

“చూసినవా? నీ నవల కావాల్నంటే బస్సు ఇడిసిపెట్టాలె!”

“పరమాత్మను తీసెయ్యమంటావా?” అన్నాను.

“ఆయన లోపలున్నడు గదన్నా, అట్ట మీద గిట్ల ఎందుకు? కోడలు అత్త జపమాల దాచిన కాడ నేను ఏడ్చిన. గదే పెట్టు.”

స్వామికి దండం పెట్టుకుని ‘కోడలు దాచిన జపమాల’ అని రాసిచ్చాను.

పుస్తకం వచ్చిన నెలకు కౌంటర్ ముందు నిలబడి ఆ పేరు గట్టిగా అడిగాను. ఆమె తలెత్తలేదు.

“కిరాయికి పోయింది. నీకంటే ముందు ఇంకా నలుగురున్నరు.”

ఐదో పేరు నాదే రాయమన్నాను.