సబ్బుతో కడిగిన పిన్నులు

ఇది చాన్నాళ్ల కిందటే రాయవలసింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. కువైట్‌లోని ఖైతాన్‌లో మా గదిలో ఉండే అమ్మాయి శుక్రవారాలు పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించాక, యాభై దాటిన వయసులో ఇప్పుడు రాస్తున్నాను.

అప్పుడు ఒక ఇంట్లో పని చేసేదాన్ని. మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్లు పోయాయి. ఇనప సామాను చేసే మిషన్ పని నేర్చుకుందామని ఎవరిని అడిగినా, ఏం చదివావనే అడిగేవారు. చివరికి ఆ ఇంటి యజమానురాలిని, మేం మామా అని పిలిచే ఆమెను, బతిమాలాను. ఆమె తమ్ముడికి అర్దియాలో లేత్ వర్క్‌షాప్ ఉంది. కొన్నాళ్లు చూస్తాననీ, పనికొస్తే నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, తన కంపెనీకి మారుస్తాననీ అన్నాడు. పనికిరాకపోతే మళ్లీ ఆ మెట్లే.

మొదట ఊడ్చడం, చాయ్ పెట్టడం. లేత్ నడిపే మేస్త్రీది గోదావరి వైపు. పని తక్కువగా ఉన్నప్పుడు నన్ను పక్కన నిలబెట్టుకునేవాడు. ఫోను వల్ల అంకెలు వచ్చు కాబట్టి కొలత చదవగలిగాను. మిగతాది చెవితో నేర్చుకున్నాను. టూల్ మొద్దుబారితే మిషన్ కీచుమంటుంది.

ఒకరోజు, "నువ్వే సొంతంగా ఇనప కడ్డీలోంచి నాలుగు పిన్నులు తియ్యక్కా, రేపు బాబాకి చూపిద్దాం" అన్నాడు. బాబా అంటే యజమాని, మామా తమ్ముడు. తీశాను. కొలత సరిపోయింది. కానీ వాటి నిండా నూనె. మామా ఇంట్లో గిన్నె వేలికి జిడ్డుగా తగిలితే మళ్లీ తోమాలి. చాయ్ సింకులో సబ్బుతో శుభ్రంగా కడిగి, తుడిచి, టిష్యూ మీద వరసగా పెట్టి ఇంటికి వెళ్లాను.

పొద్దున్నే వచ్చి చూస్తే నాలుగూ తుప్పు.

"ఏం చేశావక్కా వీటిని?" అన్నాడు మేస్త్రీ.

"జిడ్డుగా ఉండాయని కడిగినాన్నా."

"ఓరి నాయనో, అంట్లనుకుని తోమేసింది! ఇంకేం, పులుసులో వేసెయ్!"

అందరూ నవ్వారు. ఇంతలో యజమాని వచ్చి ఒకటి తీసి చూశాడు. వేలికి ఎర్రటి పొడి అంటింది. "ఖలాస్. నీకు ఇంటి పనే మంచిది" అన్నాడు హిందీలో.

మేస్త్రీ నవ్వు ఆపేశాడు. "బాబా, నూనె ఉంచితే తుప్పు పట్టదు, సైజు చూడు" అంటూ కొలిచి చూపించాడు. యజమాని, రేపు ఇంకొకటి తీసి చూపించమని చెప్పి వెళ్లిపోయాడు.

సాయంత్రం బస్సులో నా చేతుల వంకే చూసుకున్నాను. జిడ్డు వదిలితేనే పని అయినట్టని ఇన్నేళ్లుగా వాటికి అలవాటు. నేను చెప్తే అవి వింటాయా అని భయమేసింది.

మర్నాడు మొదటి బస్సుకే వెళ్లాను. పిన్ను తీశాను. కాళ్లు సింకు వైపు తిరిగాయి, ఆగాను. వేలితో దాని చుట్టూ నూనె పూసి, తెల్లటి దిష్‌దాషా అంగీలో వచ్చిన యజమాని అరచేతిలో అలాగే పెట్టాను. ఆయన ముందు తన చెయ్యి చూసుకున్నాడు, తర్వాత కొలిచాడు.

"జేన్, బాగుంది. ఇఖామా మార్చాలి, కాగితాలు తీసుకురా."

నేను చేతులు తుడుచుకోకుండానే రెండో పిన్నుకి కడ్డీ మిషన్‌కి బిగించాను.