ఎవరూ చేరని ఇళ్ళ ఇంజనీరు

బదిలీ మీద కొత్త ఊరికి వచ్చిన ఉద్యోగస్తుడు ముందు నీళ్ళ సంగతి అడుగుతాడు. ఆ తర్వాత బడి ఎంత దూరమో, పాలు ఎవరు పోస్తారో అడుగుతాడు. రోడ్ల ఇంజనీరు నారాయణస్వామి మాత్రం బస్సు దిగి, భుజాల మీది దుమ్ము కూడా దులుపుకోకుండా, ఎదురుపడిన మొదటి మనిషిని పట్టుకుని, "ఈ ఊర్లో ఎవరూ చేరని ఇల్లు యాడుండాదప్పా?" అని అడిగేవాడు.

అలాంటి ఇల్లు ఏ ఊరికైనా ఒకటుంటుంది. ఎవరో ఉరేసుకునో, ఒళ్ళు కాల్చుకునో, చెడ్డ నక్షత్రంలోనో పోయుంటారు. తాళం తుప్పు పట్టి ఉంటుంది. జనం ఆ వైపు చూడకుండా వీధి అవతలి పక్కనుంచి నడిచిపోతుంటారు. వాళ్ళు వద్దన్న కొద్దీ నారాయణస్వామి ముఖం విచ్చుకునేది. పక్కనే చేతిసంచీతో నిలబడ్డ ఆయన భార్య ప్రమీలమ్మ ముఖం మాడిపోయేది.

ఆయనకు భార్య మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే, కాఫీ. "చక్కెర కొంచెం తగ్గింది ప్రమీలా" అని పెళ్ళయిన మర్నాడు మొదలుపెట్టాడు. పానకంలా చేసి ఇచ్చినా అదే మాట. ఆమెకు ఆయన మీద ఉన్న ఫిర్యాదూ ఒక్కటే. అందరిలాగా మామూలు ఇంట్లో, వెనక్కి తిరిగి చూసుకోకుండా సంధ్యాదీపం పెట్టుకోవాలని ఆమె కోరిక. అంతకుమించి ఏమీ అడగలేదు.

డెబ్భై రెండులో మదనపల్లె. ప్రమీలమ్మకు ఏడో నెల. టైలరు ఘని ఇల్లు రెండేళ్ళుగా మూసి ఉంది. నడిమింట్లో అతని తమ్ముడు ఉరేసుకున్నాడు. ఘని నిజాయితీగల మనిషి గనుక తాళం తియ్యకముందే నోరు విప్పాడు.

"సార్, తర్వాత తెలిసి నన్ను తిట్టుకుంటారు. ఈ ఇంట్లో మా తమ్ముడు..."

"తెలుసు. ఏ దూలం?"

ఘని బిత్తరపోయాడు. "సార్?"

"దూలం ఏదయ్యా అంటే!"

ఘని వేలు పెట్టి చూపించాడు. నారాయణస్వామి స్టూలెక్కి, దూలాన్ని పిడికిలితో కొట్టి, చెవి ఆనించి, డాక్టరులా విన్నాడు. "మంచి టేకు. దీని తప్పేం లేదు."

ప్రమీలమ్మ గడప బయటే ఉండిపోయింది. "నేను రాను. లోపల దయ్యం ఉంటాది."

"ఉంటే ఊరోళ్ళకు ఉంటాది. ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినోళ్ళకు దయ్యం వర్తించదు. సర్వీసు రూల్సులో లేదు."

పాప పుట్టాక ఉయ్యాల తెచ్చి సరిగ్గా ఆ దూలానికే కట్టాడు. ప్రమీలమ్మ బాలింతరాలన్న సంగతి మరిచిపోయి కేకలు పెట్టింది. "నీకు బుద్ధుండాదా? ఇంట్లో ఇన్ని దూలాలుండంగా!"

"మనిషి బరువు మోసి చూపించింది ఇదొక్కటే గదా" అన్నాడాయన, తాడు ముడి బిగిస్తూ. ఆ వారమంతా ఆమె ఆయనతో మాట్లాడలేదు.

ఘని తల్లి అజీజాబీ పాపను చూడ్డానికి వచ్చింది. ఉయ్యాలను చూసి ద్వారబంధం పట్టుకుని అలాగే నిలబడింది. ముసలామె పడిపోతుందని ప్రమీలమ్మ భయపడింది. ఆమె పడిపోలేదు. వచ్చి కింద కూర్చుని, ఉయ్యాల తాడు చేతిలోకి తీసుకుంది. ఆ రోజు నుంచీ మధ్యాహ్నం కాగానే వచ్చేది. మొదట్లో ఉయ్యాల ఊపుతూ పైకి, దూలం వైపే చూసేది. పోనుపోను పాప వైపు చూడ్డం మొదలుపెట్టింది. ఇల్లు పాడుచేస్తున్నామేమోనని కాపలా కాస్తోందని ప్రమీలమ్మ అనుకుంది.

ఒక రోజు పక్కింటావిడ గోడ మీదినుంచి తొంగి చూసింది. "ఏమమ్మా, మీ ఆయనకు ప్రమోషనంట! మైసూరుపాకు యాడ?"

విచారిస్తే తెలిసిందేమిటంటే, నారాయణస్వామి రోజూ కాఫీ హోటల్లో బల్ల గుద్ది చెబుతున్నాడు. "ఆ ఇంట్లో చేరినాక కలిసొచ్చిందప్పా! కూతురు పుట్టె, ప్రమోషనొచ్చె!" నిజానికి ఆయనకు వచ్చింది వంతెన పని ఆలస్యమైందని పైఅధికారి పంపిన మెమో. ప్రమీలమ్మ ఆ మెమో సందర్భంగా మైసూరుపాకు వండి వీధంతా పంచింది.

"యాల చెప్పినావు ఈ అబద్ధం?" అని నిలదీసింది.

ఆయన మైసూరుపాకు ముక్క నోట్లో వేసుకుని ఆలోచించాడు. "చక్కెర కొంచెం తగ్గింది."

మొగుడు అద్దె తక్కువని పాడుకొంపలు వెతికే పిసినారి అని ఆమెకు అప్పటికే అనుమానం. కోతలరాయుడు కూడా అని ఆ రోజు ఖాయమైంది.

పుంగనూరులో మరీ అన్యాయం. ఆ ఇల్లు రెడ్డెమ్మది. భర్త ధనిష్ఠా నక్షత్రంలో పోతే ఆర్నెల్లు ఇల్లు మూసిపెట్టాలని అయ్యవారు చెప్పాడు. గుమ్మానికి ముళ్ళకంప అడ్డం కొట్టారు. గడువు దాటి ఏడాదయినా ఆ కంప తీసేవాడు లేడు. రెడ్డెమ్మ తన ఇంట్లోకి తానే పోవడానికి భయపడి పశువుల కొట్టంలో, మోకాలెత్తు పుంగనూరు ఆవులతో పాటు పడుకునేది.

"వద్దు సామీ, నక్షత్రం మంచిది కాదు" అని ఆమే బతిమాలింది.

"నీ మొగుడు పోయిన నక్షత్రం నాకెట్ల తగుల్తాదమ్మా? నక్షత్రాలు, వానలు సూసుకోడానికి నేను ఇరిగేషనోణ్ణి కూడా కాదు, రోడ్లోణ్ణి" అంటూ నారాయణస్వామి ప్యాంటు మడిచి ముళ్ళకంప లాగిపారేశాడు. చేతులు గీరుకుపోయి రక్తం కారింది. ప్రమీలమ్మ పసుపు అద్దుతూ తిట్టిన తిట్లు వీధి చివరి వరకూ వినపడ్డాయి.

నెల తిరక్కుండానే అక్కడా మొదలుపెట్టాడు. "ఈ ఇంట్లో చేరినాక నాకు సూపు తిరిగొచ్చిందప్పా!" రుజువు కోసం కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాడు. ఒక సాయంత్రం వీధి మలుపులో రెడ్డెమ్మ ఆవుకు వంగి నమస్కారం పెట్టి, "తాసిల్దారు గారూ, ఈ పక్కకొచ్చినారే" అన్నాడు. ఆ తర్వాత మురిక్కాలవలో పడ్డాడు. కుంటుకుంటూ ఇంటికొచ్చి, జనం వినేలా గట్టిగా, "కాలవ స్పష్టంగా కనిపించింది ప్రమీలా, నేనే కావాలని దిగినా" అన్నాడు.

ఎనభై నాలుగులో కుప్పానికి బదిలీ అయింది. సామాన్ల లారీ పలమనేరులో టీ కోసం ఆగినప్పుడు ప్రమీలమ్మ దిగి తన ట్రంకుపెట్టె కూడా దించమంది.

"ఈసారి ఇల్లు నేను సూస్తా. ఎవరూ సావని ఇల్లు. ఒప్పుకుంటే ఎక్కుతా. లేకుంటే పాపను తీసుకుని ఈడనుంచే కలకడకు, మా తమ్ముడింటికి పోతా."

నారాయణస్వామి టీ గ్లాసు చేత్తో పట్టుకుని లారీ వంకా, ట్రంకుపెట్టె వంకా చూశాడు. "సరే. నీ ఇష్టం."

జయమ్మ ఇల్లు అలా దొరికింది. ఆమె భర్త కోలారు గనుల్లో పనిచేసి ఈ ఇల్లు కట్టించి, గృహప్రవేశానికి ముందే ఆ గనుల్లోనే పోయాడు. ఇంట్లో చీమ కూడా చచ్చిన జాడ లేదు. జయమ్మ వెనక గదిలో ఒక బర్రెతో ఉంటూ, ముందు భాగం అద్దెకిచ్చి బతుకుతోంది. ప్రమీలమ్మ ఆ గడప కడిగి, బొట్టు పెట్టి, పెళ్ళికూతురిలా లోపలికి వెళ్ళింది.

నారాయణస్వామికి మాత్రం ఆ ఇంట్లో తోచేది కాదు. గోడలు తట్టేవాడు, దూలాలు చూసేవాడు, నిట్టూర్చేవాడు.

"ఏం తక్కువైందీ ఇంటికి?"

"ఏమీ తక్కువ కాలే. అదే. ఈ ఇంటికి మన అవసరమే లేదు గదా ప్రమీలా."

పిచ్చి ముదిరిందనుకుందామె.

రెండేళ్ళ తర్వాత ఒక ఆదివారం పొద్దున ఆయన వరండాలో పేము కుర్చీలో కూర్చుని కాఫీ తాగాడు. గ్లాసు తిరిగిచ్చేటప్పుడు, "ఈ పొద్దు చక్కెర సరిపోయింది ప్రమీలా" అన్నాడు. ఆమె నమ్మలేక, గ్లాసు అడుగున ఏమైనా మిగిలిందా అని చూసుకుంటూ వంటింటి దాకా వెళ్ళింది. మళ్ళీ అనిపించుకుందామని తిరిగొచ్చేసరికి ఆయన లేడు. కుర్చీలో అలాగే కూర్చుని ఉన్నాడు, అంతే.

అయ్యవారు పంచాంగం తీసి తల ఊపాడు. "ధనిష్ఠ. ఆర్నెల్లు ఇల్లు మూసెయ్యాల."

కర్మలు ముగిశాక ప్రమీలమ్మ తమ్ముడు చిన్నప్ప లారీతో వచ్చాడు. జయమ్మ పెరట్లో బర్రె పక్కన నిలబడి, మూయబోతున్న తన ఇంటి వైపు చూస్తూ ఉంది. ఆమెను తప్పించుకోవడానికి ప్రమీలమ్మ పెరట్లోకి పోవడం మానేసింది.

ఆ రోజే పరామర్శకు మదనపల్లె నుంచి ఘని, పుంగనూరు నుంచి రెడ్డెమ్మ వచ్చారు. ఘని మీసాలు నెరిశాయి.

"మా అమ్మ పోయేముందు కూడా పాపనే తలుచుకునిందమ్మా" అన్నాడు. "మీరు పోయినాక ఆ ఇల్లు ఒక్క నెల కూడా ఖాళీ లేదు. సార్‌కు ఆ ఇంట్లోనే గదా ప్రమోషనొచ్చింది! ఆ మాట ఇనే ఒక టీచరు చేరె. ఆయనకూ ప్రమోషనొచ్చె!"

మా ఆయనకు ప్రమోషనెప్పుడొచ్చింది అనబోయి ప్రమీలమ్మ ఆగింది.

రెడ్డెమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "మా ఇంట్లో సామికి సూపొచ్చె గదమ్మా! ఇప్పుడు ముందు భాగానికి అంతా కండ్లు సరిగ్గా అగుపడనోళ్ళే వస్తాండారు. నేను వెనకింట్లో పండుకుంటాండా, భయం లే. అద్దె కూడా సామి ఇచ్చినట్లే నిండుగా ఇస్తాండారు."

"నిండుగానా? తక్కువకు కాదా?"

"తక్కువ యాల? మీ ఆయన బేరమే ఆడలే."

ప్రమీలమ్మ వరండాలోని కుర్చీ వైపు చూసింది. తాను వండిన మైసూరుపాకు, మురిక్కాలవ, ముళ్ళు గీసిన చేతులు, అన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. ముసలి అజీజాబీ కళ్ళు దూలం మీదినుంచి పాప మీదికి దిగడం కూడా గుర్తొచ్చింది. 'ఈ ఇంటికి మన అవసరమే లేదు గదా.'

ఇప్పుడు అవసరం పడింది.

బయట చిన్నప్ప పిలుస్తున్నాడు. "అక్కా, బీరువా ఎక్కిస్తాండా!"

"దించు."

"అయ్యవారు ఆర్నెల్లు మూసెయ్యమన్నాడు గదక్కా!"

"ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినోళ్ళకు వర్తించదు" అంది ప్రమీలమ్మ. "సర్వీసు రూల్సులో లేదు. పాప చదువు ఈడనే. ఇంకో రెండేండ్లు నేను కదిలేది లేదు."

గేటు బయట ఎదురింటి దొడ్డమ్మ బిందెతో ఆగిపోయింది. కుప్పంలో ఆమెకు తెలిస్తే రైల్వే స్టేషను దాకా తెలిసినట్లే. "అయ్యో, అదేందమ్మా? మొగుణ్ణి మింగిన ఇంట్లో మళ్ళీ కాపురమా?"

ప్రమీలమ్మ కొంగు దోపుకుని గేటు దగ్గరికి వచ్చింది. కాఫీ హోటల్లో ఆయన బల్ల గుద్దినట్టే గేటు మీద చెయ్యి కొట్టింది.

"మింగడమేందమ్మా! ఈ ఇల్లు మాకు భలే కలిసొచ్చింది!"

దొడ్డమ్మ జారబోయిన బిందెను పట్టుకుంది. "కలిసొచ్చిందా?"

"ఆయనకు ఒక్క పూట మంచం లేదు, మందు లేదు. కుర్చీలో కూర్చుని కాఫీ తాగి పోయినాడు. అదీ, చక్కెర సరిపోయింది అని! పెండ్లయినప్పట్నుంచి యే ఊర్లోనన్నా అన్నాడా ఆ మాట? ఈ ఇంట్లోనే అన్నాడు. రా, నీకూ పెడతా, తాగి సూడు."

దొడ్డమ్మ అటూ ఇటూ చూసింది. బిందె గేటు పక్కన దించింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, కళ్ళు మూసుకుని, కుడికాలు లోపల పెట్టింది. వేరే కుర్చీలన్నీ లారీలో ఉన్నాయి గనుక పేము కుర్చీలోనే, అంచు మీద కూర్చుంది. ప్రమీలమ్మ కాఫీ కలిపి తెచ్చి చేతికిచ్చింది. పెరటి వాకిట్లోకి జయమ్మ వచ్చి నిలబడింది. లారీ పక్కన చిన్నప్ప, వరండాలో ఘని, రెడ్డెమ్మ ఆ గ్లాసు వైపే చూస్తున్నారు.

దొడ్డమ్మ ఒక గుక్క తాగింది. ఏమీ కాలేదు. ఇంకో గుక్క తాగింది.

"బాగానే ఉండాది గానీ అమ్మా..." అంది గ్లాసులోకి చూస్తూ, "చక్కెర కొంచెం తగ్గిందేమో."

ఆయన పోయిన ఆదివారం నుంచీ ఏడుస్తూనే ఉన్న ప్రమీలమ్మ పకాలున నవ్వింది.