కోసి చూడని పేస్టీ

నేను రిటైరవడానికి మూడేళ్ళ ముందు, ఒక అక్టోబరు నెల మొదటి సోమవారం, బ్రెమెన్‌లోని మా ల్యాబ్‌లో నా బల్ల మీదికి ఒక కొత్త ఫైలు వచ్చింది. డ్యూసెల్‌డార్ఫ్‌లో ఒక పెద్ద ఫుడ్ హాల్ వాళ్ళు నవంబరులో బ్రిటిష్ వంటకాల వారం పెట్టుకుంటున్నారు. అందులో కార్నిష్ పేస్టీలు అమ్మడానికి ఒక చిన్న సరఫరాదారు ముందుకొచ్చాడు. అవి అసలైనవా కావా అని తేల్చి శుక్రవారం లోపల నివేదిక ఇవ్వాలి.

మాది ప్రైవేటు ల్యాబ్. నా హోదా ఆహార ప్రమాణాల సీనియర్ పరిశీలకుడు. సర్కారు ఇన్‌స్పెక్టరుకి దుకాణం మూయించే అధికారం ఉంటుంది, మాకు లేదు. మేం కాగితం రాస్తాం, అంతే. ఆ కాగితం ఎన్ని దుకాణాలు మూయించగలదో నాకు తెలియని విషయమేమీ కాదు.

కార్నిష్ పేస్టీ అంటే తెలియని వాళ్ళ కోసం నాలుగు మాటలు. ఇంగ్లండుకి నైరుతి కొసన కార్న్‌వాల్ అనే ప్రాంతం ఉంది. ఒకప్పుడు అక్కడి గని కార్మికులు భోజనంగా పట్టుకెళ్ళిన పిండివంట ఇది. చూడ్డానికి అచ్చం మన కజ్జికాయే, కాకపోతే అరచేతికి మించిన సైజు. గుండ్రటి పిండి రొట్టె మీద కూరు పెట్టి, సగానికి మడిచి, అంచుని వేళ్ళతో మడతలు మడతలుగా అల్లుతారు. అల్లిక పక్కనే ఉండాలి. నడినెత్తిన ఉంటే అది ఇంకేదైనా కావచ్చు గాని కార్నిష్ పేస్టీ కాదు. కొసన పిండితో తినేవాడి పేరులో మొదటి అక్షరం అంటించడం పాత ఆనవాయితీ, గనిలో ఎవరి మూట ఎవరిదో తెలియడానికి.

మన బందరు లడ్డూకి ఉన్నట్టే దీనికి కూడా ఊరి పేరుతో చట్టరక్షణ ఉంది. లోపల గొడ్డుమాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ, జర్మన్లు ష్టెక్‌రూబె అని పిలిచే పసుప్పచ్చ దుంప ఉండాలి. ఉప్పు, మిరియాలు తప్ప మసాలా హడావుడి ఉండదు. మాంసం ఎనిమిదో వంతుకి, కూరలు నాలుగో వంతుకి తగ్గకూడదు. తయారీ కార్న్‌వాల్‌లోనే జరగాలి. అయితే అక్కడ చుట్టి, కాల్చకుండా గడ్డకట్టించి పంపితే, కాల్చడం ప్రపంచంలో ఎక్కడైనా కాల్చుకోవచ్చు. వీటన్నిటినీ మించిన షరతు మరొకటి ఉంది. కూరు పచ్చిగా ఉండగానే పిండిలో పెట్టి మూయాలి. మాంసం, దుంపలు అన్నీ పిండి లోపలే, సన్నటి సెగ మీద, తమ నీళ్ళలో తామే ఉడకాలి. ముందే ఉడికించిన కూరు పెడితే అది అసలైనది కాదు.

ఆ షరతు నాకు కంఠతా వచ్చు. కానీ మనసుకి పట్టలేదు. తెనాలిలో పుట్టి పెరిగినవాణ్ణి. మా ఇంట్లో పూర్ణం ఉడక్కుండా బూరె అయింది లేదు, కూర వేగకుండా సమోసా అయింది లేదు. పచ్చి దుంప ముక్కల్ని పిండిలో చుట్టి పొయ్యిలో పెడితే ఉడుకుతాయని పుస్తకం చెప్తే తల ఊపాను గాని, నమ్మడం వేరు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నేను చేపలూ కోడీ మేకా తింటాను, గొడ్డుమాంసం మాత్రం ముట్టను. మా ల్యాబ్‌లో ఇంగ్రిడ్ అని నా సాటి పరిశీలకురాలు ఉండేది. ఆమెకి చేపల వాసన పడదు. ఇరవై ఏళ్ళుగా మా ఇద్దరి మధ్య కాగితం లేని ఒప్పందం నడిచింది. ఆమె చేపల నమూనాలు నేను కోసేవాణ్ణి, నా గొడ్డుమాంసం నమూనాలు ఆమె కోసేది. పై అధికారికి ఇది తెలుసు, తెలియనట్టు ఉండేవాడు. ఆ అక్టోబరులో ఇంగ్రిడ్ నడుంనొప్పికి డాక్టరు రాసిచ్చిన మూడు వారాల విశ్రాంతి చికిత్సకి వెళ్ళింది.

బుధవారం నేను డ్యూసెల్‌డార్ఫ్ వెళ్ళాను. సరఫరాదారు పేరు ఖాదర్. ఎప్పుడు రావాలో మాట్లాడుకోవడానికి ఫోన్ చేసినప్పుడే నా పేరు ప్రసాదరావని విని తెలుగులోకి దిగిపోయాడు. హైదరాబాద్ వాడు. ఇంగ్లండులో ఉండగా కార్న్‌వాల్‌లో ఒక చిన్న బేకరీలో ఏడేళ్ళు పనిచేశాడు. భార్యకి డ్యూసెల్‌డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే నిపుణులకిచ్చే బ్లూ కార్డు వీసా మీద ఇద్దరూ ఇటొచ్చేశారు. ఇక్కడ ఖాదర్ పనిచేసిన అనుభవానికి విలువ కట్టేవాడు దొరకలేదు. దాంతో పాత బేకరీతో మాట్లాడుకుని, వాళ్ళు హలాల్ మాంసంతో విడిగా చుట్టి గడ్డకట్టించి పంపే పేస్టీలు తెప్పించి, ఒక అద్దె వంటగదిలో కాల్చి, వారానికి రెండు రోజులు సంతలో అమ్ముతున్నాడు. ఫుడ్ హాల్ ఒప్పుకుంటే సంత వదిలి నిలకడగా వ్యాపారం చేసుకోవచ్చు. ఒప్పుకోకపోతే వంటగది నిలవదు. ఇది అతను నాకు చెప్పలేదు. చెబితే ఒత్తిడి తెచ్చినట్టవుతుందని ఊరుకున్నాడట. తర్వాత తెలిసింది.

వంటగది అద్దంలా ఉంది. కాగితాలన్నీ వరసలో ఉన్నాయి, సరిహద్దులో పశువైద్యుడు వేసిన ముద్రతో సహా. ఆకారం సరిగ్గా ఉంది. అంచు అల్లిక చూస్తే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. నా ఎదుటే ఒకటి పొయ్యిలో పెట్టి, ముప్పావుగంట దాటాక తీసి, ఖాదరే కోసి చూపించాడు. నేను బల్లకి ఇవతల నిలబడి చూశాను. పొగలు కక్కుతూ, గోధుమరంగులో, తడితడిగా ఉంది. మాంసం వాసన మొహానికి కొట్టింది. రుమాలు తీసుకున్నాను.

"కూరు ఎక్కడ ఉడికిస్తారు?" అని అడిగాను.

"ఉడకపెట్టరు సార్. అన్ని పచ్చియే పెట్టి మూస్తరు. పొయ్యిలనే ఉడుకుతది," అన్నాడు.

నిబంధనలో ఉన్న మాటే అప్పజెప్తున్నాడని నాకనిపించింది. అంత మెత్తగా, అంత తడిగా ఉన్నది పచ్చిగా పెట్టింది ఎలా అవుతుంది? పరీక్షకి వచ్చినవాడి ముందు ఎవడైనా పాఠం సరిగానే చెప్తాడు. ఇలా అనుకున్నాను.

బయల్దేరబోతుంటే అతను చిన్న ట్రేలో ఇంకొక పేస్టీ తెచ్చాడు. కొసన పిండితో 'పి' అన్న ఇంగ్లీషు అక్షరం ఉంది.

"మీ పేరు ఇనంగనే బీఫ్ తినరనుకున్న, పొద్దుగాల మీ కోసం ఒకటి జేసిన సార్. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, ష్టెక్‌రూబె, అంతే. ఇది కార్నిష్ గాదు సార్, ఈడ జేసినది గదా. ఊకెనే, తినుండ్రి."

సరఫరాదారు దగ్గర మంచినీళ్ళు తప్ప ఏదీ పుచ్చుకోకూడదని మా నియమం. అదే చెప్పాను, కొంచెం గట్టిగానే చెప్పాను. అతని మొహం చిన్నబోయింది. నా వృత్తిధర్మం నేను కాపాడుకున్నానని తృప్తిగా రైలెక్కాను.

కాల్చని పేస్టీలు ఆరు సీలు వేసిన పెట్టెలో నాతో బ్రెమెన్ వచ్చాయి. ఇక మిగిలింది ల్యాబ్‌లో కోత పరీక్ష. ఒక పేస్టీని ఫ్రిజ్‌లో మెత్తబరిచి, అడ్డంగా కోసి, లోపల ముక్కలు పచ్చిగా ఉన్నాయో ఉడికి ఉన్నాయో చూసి ఫారంలో గడి నింపాలి. కోత పది నిమిషాల పని. గురువారం మధ్యాహ్నమైనా నేను ఆ పెట్టె తెరవలేదు. ఇంగ్రిడ్ లేదు. వేరే సెక్షన్ కుర్రవాళ్ళని అడిగితే ఇరవై ఏళ్ళ ఒప్పందం బయటపడుతుంది. చేతి తొడుగులు వేసుకుని నేనే కోయొచ్చు. అంతకంటే సులువైన దారి నాకు కనబడింది. డ్యూసెల్‌డార్ఫ్‌లో కాల్చినదాన్ని చూశాను కదా, తెలిసిపోయింది కదా, ఇంక కోసేదేముంది?

నా మనసులో ఇంకో లెక్క కూడా ఉంది. సరఫరాదారు తెలుగువాడు, నేనూ తెలుగువాణ్ణే. పాస్ చేస్తే మనవాడని చేశాడంటారు. ఫెయిల్ చేస్తే ఎవడూ నోరెత్తడు. నిక్కచ్చిగా ఉండటమంటే మనవాడి మీద రెండు పాళ్ళు ఎక్కువ కఠినంగా ఉండటమేనని ఆ రోజుల్లో నా నమ్మకం.

'కోత పరీక్ష జరిగింది' అన్న గడిలో టిక్కు పెట్టాను. 'కూరు మూయడానికి ముందే ఉడికించినట్టు కనబడుతున్నది. నిబంధనకి విరుద్ధం' అని రాశాను. ఏ నివేదిక మీదైనా ఇద్దరి సంతకాలుండాలని జర్మనీలో ఆనవాయితీ, నాలుగు కళ్ళ నియమం అంటారు. ఇంగ్రిడ్ పెట్టాల్సిన రెండో సంతకం మా అధికారి పెట్టాడు. ఆయన నా సంతకం చూసి పెట్టాడు. పేస్టీని చూసిన కళ్ళు ఆ కాగితం మీద రెండు కూడా లేవు.

ఫుడ్ హాల్ వాళ్ళు శుక్రవారమే ఖాదర్‌కి వద్దని రాసేశారు. ఆ వారం కోసం ఇంగ్లండులోని ఒక పెద్ద కంపెనీతో మాట్లాడుకున్నారు.

నెలాఖరుకి ఇంగ్రిడ్ తిరిగొచ్చింది. ఫ్రీజర్ సర్దుతూ నా పెట్టె చూసి, సీలు తియ్యకుండానే ఉందేమిటని అడిగింది. నేను ఏదో గొణిగాను. ఆమె ఒకటి తీసి మెత్తబరచడానికి పెట్టింది. మర్నాడు పొద్దున నన్ను పిలిచింది. పళ్ళెంలో పేస్టీ రెండు ముక్కలై ఉంది. ఎర్రటి పచ్చి మాంసం, గోరు దిగని బంగాళాదుంప, అంచులు పదునుగా ఉన్న పసుప్పచ్చ దుంప. చదువురాని వాడికైనా తెలుస్తుంది.

"మీరు దీన్ని కోశారా?" అంది. ఇరవై ఏళ్ళుగా నువ్వు అని పిలిచే మనిషి ఆ రోజు మీరు అంది.

లేదన్నాను. అబద్ధం ఆడే ఓపిక లేకపోయింది.

ఆ రోజే మా అధికారికి చెప్పి సవరణ నివేదిక పంపించాను. నాకు లిఖితపూర్వక హెచ్చరిక వచ్చింది, రావలసిందే. ఫుడ్ హాల్ వాళ్ళు కృతజ్ఞతలు చెబుతూ మర్యాదగా ఉత్తరం రాశారు. కొత్త కంపెనీతో ఏడాదికి ఒప్పందమైపోయిందని అందులోనే ఉంది.

డిసెంబరులో ఒక శనివారం ఖాదర్ ఇంటికి వెళ్ళాను. నియమం ప్రకారం వెళ్ళకూడదు, వెళ్ళాను. వంటగది అప్పటికే ఖాళీ చేశాడు. ఒక పార్సెల్ గోడౌన్‌లో షిఫ్టు పని దొరికింది. వ్యాపారం పోయినదానికంటే అతన్ని ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది. నా మొదటి నివేదిక నకలు కార్న్‌వాల్ బేకరీకి కూడా చేరింది. తమ సరుకు బదులు వేరేది పెట్టి ఉంటాడని వాళ్ళు అతన్నే అనుమానించారు. ఏడేళ్ళు పక్కన నిలబెట్టుకుని అల్లిక నేర్పిన యజమానురాలు ఫోన్ తియ్యడం మానేసింది. సవరణ కాగితం పంపాడట, జవాబు లేదు.

నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. కోయలేదనీ, ఎందుకు కోయలేదో కూడా చెప్పాను. అతని భార్య చాయ్ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఖాదర్ అరవలేదు. అరిస్తే బాగుండునని నాకు అనిపించింది. కప్పు తిప్పుకుంటూ అన్నాడు.

"బీఫ్ ముట్టరని నాకు ముందుగాలనే తెలుసు గదా సార్. అందుకే గదా మీకు వేరే జేసిన. దాన్ని కోస్తే తెలిసిపోతుండె. అది గూడ పచ్చియే పెట్టిన. అండ్ల బీఫ్ గూడ లేకుండె."

లేచేటప్పుడు మళ్ళీ రమ్మని అతను అనలేదు, వస్తానని నేను అనలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు ష్టెక్‌రూబె, బంగాళాదుంప, ఉల్లిపాయ కొని పచ్చివే పిండిలో చుట్టి కాల్చాను. అల్లిక వంకరగా వచ్చింది. కోసి చూస్తే లోపల మెత్తగా, తడితడిగా, చక్కగా ఉడికి ఉంది. ప్రతి ముక్కా దేనికది విడిగా, అంచులతో సహా కనబడుతోంది. ముందే ఉడికించిన కూరైతే ఆ అంచులుండవు. డ్యూసెల్‌డార్ఫ్‌లో బల్లకి అవతలివైపు వెళ్ళి వంగి చూసి ఉంటే కాల్చినదాంట్లోనూ ఇదే కనబడేది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నాను. పరిశీలకుడికి తినే తిండిలో పట్టింపులుండొచ్చు, అది తప్పు కాదు. నేను కోయలేను అని కాగితం మీద రాస్తే ఇంకొకరు కోస్తారు, రెండు రోజులు ఆలస్యమవుతుంది. కోయకుండా కోశానని రాయడమే తప్పు. మనవాడి మీద కఠినంగా ఉండటం నిజాయితీ అనుకోవడం రెండో తప్పు. మిగిలిన మూడేళ్ళ సర్వీసులో నా పేరు మీద వచ్చిన ప్రతి నమూనానీ, గొడ్డుమాంసంతో సహా, తొడుగులు వేసుకుని నా చేత్తోనే కోశాను. దానివల్ల నా నివేదికలు బాగుపడ్డాయి. ఖాదర్‌కి ఒరిగిందేమీ లేదు.