బాప్తిస్మపు తొట్టిలో క్లోరిన్

2009లో నేను నార్త్ కరోలినాలోని క్యారీ దగ్గర ఒక నీటి శుద్ధి కేంద్రంలో ప్రయోగశాల సూపర్‌వైజర్‌ని. కొళాయి నీటిలో క్లోరిన్ ఎంత మిగిలి ఉందో చూడటం మా రోజువారీ పని. నమూనాలో చిటికెడు పొడి వేస్తే గులాబీ రంగు రావాలి. రాకపోతే క్రిములను ఆపేది అందులో ఏమీ లేదని అర్థం. ఆదివారాలు మా తెలుగు క్రైస్తవ సంఘంలో జీవజలాన్ని గురించి పాడేదాన్ని. కాంతమ్మగారి బాప్తిస్మం వరకు ఈ రెండింటికీ పేచీ రాలేదు.

కాంతమ్మగారు కొడుకు దగ్గరికి వచ్చిన గుంటూరు ఆవిడ. మూత్రపిండ మార్పిడి జరిగాక రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నారు. నీళ్లు శుభ్రంగా ఉంటేనే మునగమన్నాడు డాక్టరు. మర్నాడే తిరుగు ప్రయాణం. అక్కడ భర్త ఒప్పుకోడు కాబట్టి, ఇక్కడ జరగకపోతే ఇక జరగదు. అందుకే బాప్తిస్మమిచ్చే తొట్టి నీళ్లు పరీక్షించమని పాస్టరుగారు నన్ను అడిగారు.

మేము ఆరాధనకు ఒక అమెరికన్ చర్చిని అద్దెకు తీసుకునేవాళ్లం. మధ్యాహ్నం నుంచి అది స్పానిష్ సంఘానిది. ఆ ఉదయం తొట్టి నీళ్ల నమూనా తీసి పొడి వేశాను. రంగు రాలేదు. మళ్లీ వేసినా అంతే.

సంఘపెద్ద సాల్మన్‌గారిని అడిగితే ఉత్సాహంగా చెప్పారు. "శుక్రవారమే ఫిల్ చేసి హీటర్ ఆన్ చేశానమ్మా, పెద్దావిడకి చలి వేయకూడదని. హోలీ ల్యాండ్ టూర్‌లో తెచ్చిన యొర్దాను నీళ్లు కూడా కలిపా, యేసయ్య బాప్తిస్మం తీసుకున్న నది! ఇన్నేళ్లూ గరాజ్‌లో దాచిన క్యాన్!"

వెచ్చగా నిలవ ఉన్న నీటిలో క్లోరిన్ నిలవదు. క్యాన్ చూపించమంటే చూపించారు. అడుగున పచ్చటి నాచు ఉంది. ఆయన ప్రేమతో చేసినవన్నీ క్రిములకే మేలు చేశాయి.

"ఈ నీళ్లలో ఆవిడని దించకూడదు బ్రదర్."

"అది జీవజలం సిస్టర్!"

"అందులో ఉన్న జీవాలతోనే నా భయం."

"ఏం, విశ్వాసం లేదా నీకు?"

"నాకుంది. ఆవిడకి ఇమ్యూనిటీ లేదు."

తొట్టి ఖాళీ చేసి నింపేలోగా స్పానిష్ సంఘం వచ్చేస్తుంది. మా ఇంట్లో బాత్‌టబ్ ఉందన్నాను. సాల్మన్‌గారి ముఖం మాడిపోయింది. కుష్ఠు పోవడానికి యొర్దానులో మునగమంటే ఆ నదిని చిన్నచూపు చూసిన బైబిల్లోని సిరియా సేనాధిపతిని ఆయన ప్రసంగాల్లో ఎన్నిసార్లు మందలించారో లెక్కలేదు. ఇప్పుడు క్యారీ కొళాయి ఆయన కంటికి ఆనలేదు.

"బాత్రూమ్‌లో బాప్తిస్మమా? ఒంటి మురికి వదిలించుకునే చోటా?"

కాంతమ్మగారు అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నారు. "వదిలించుకుందామనే కదయ్యా నేనూ వచ్చింది. కార్ తియ్యి."

ఇంట్లో కొళాయి కాసేపు వదిలి, టబ్ నింపి, నమూనా తీసి పొడి వేశాను. గులాబీ రంగు వచ్చింది. "పాసయ్యాయా అమ్మాయీ నీళ్లు?" అని అడిగి ఆవిడ దిగారు. మోకాళ్లు మడిస్తే తప్ప తల మునగలేదు. పాస్టరుగారు టబ్ పక్కన మోకరించి బాప్తిస్మమిచ్చారు. మెట్ల మీద నిలబడ్డ సంఘం పాట ఎత్తుకుంది. సాల్మన్‌గారు తువ్వాలు పట్టుకుని అందరికంటే గట్టిగా పాడారు.

మా వృత్తిలో నీటి నాణ్యతను నది పేరు చూసి నిర్ణయించరు. మనిషి గ్లాసు పట్టే కొళాయి దగ్గరే నమూనా తీస్తారు. సంఘాన్ని పరీక్షించవలసింది కూడా దాహంతో వచ్చినవారు నిలబడే చోటనే అని ఆ ఆదివారం నాకు తెలిసింది.