తాళాల మేస్త్రి ఆఖరి తలుపు

తాళాల మేస్త్రి ఆఖరున బిగించిన తాళాన్ని తెరవగల మొనగాడు ఇంకా తల్లి కడుపున పడలేదని వీధిలో చెప్పుకుంటారు. దానికి కన్నం లేదు, చెవి లేదు, అంకెలు లేవు. ఆయన పనితనం అలాంటిది మరి. మంచి వయసులో ఆయన తాళం బిగించిన తలుపు ఎదురైతే దొంగలు దండం పెట్టి పక్కింటికి పోయేవారు. తెల్లారి పక్కింటివాళ్లు వచ్చి ఆయనతో దెబ్బలాడేవారు.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. ఆ రెండోది ఇంట్లోనే ఉంది, ఆయన భార్య. తాళంచెవిని ఒక్కసారి చూస్తే చాలు, ఆకురాయితో దానికి జోడు కోసి ఇచ్చేది. కొట్టు ఆయన పేరున నడిచింది గానీ చేతులు ఆవిడవి.

కొన్నేళ్లుగా ఆవిడ మతి ఒక్కో అరా ఖాళీ చేసుకుంటూ పోతోంది. ముందు వంట పోయింది, తర్వాత చుట్టాలు పోయారు, ఆ తర్వాత మొగుడు. చేతులు మాత్రం ఏదీ మరిచిపోలేదు. కొట్లో కూర్చోబెడితే గిరాకీల ఇళ్ల తాళాలకు జోళ్లు కోసి, దారినపోయేవాళ్లకు చాక్లెట్లలా పంచిపెట్టింది. ఇంట్లో పెట్టి తాళం వేస్తే, లోపలివైపు కన్నానికి ఏ రేకుముక్కనో అరగదీసి తెరుచుకుని రోడ్డున పడింది. ఇంకా గట్టి తాళం వేస్తే ఇంకాస్త ఆలస్యంగా పడింది, అంతే.

ఒక మధ్యాహ్నం ఎదురింటి కుట్టుమిషనావిడ ఆవిణ్ణి రెక్క పట్టుకుని తీసుకొచ్చింది.

"అన్నయ్యా, వదిన ఇవాళ లారీ కింద పడేది. పట్టుకుంటే కొరికింది కూడా, చూడు!"

"పళ్లు ఇంకా గట్టివే."

"నవ్వులాట కాదు. ఎక్కడైనా చేర్పించు."

ఊరి చివర మతిమరుపు ముసలివాళ్ల కోసమే కట్టిన ఇల్లుంది. దాని తలుపులన్నిటికీ తాళాలు బిగించింది ఈయనే. ఎంత నడిచినా బయటికి పోకుండా మొదటికే తిరిగొచ్చే వరండా, అలిసినచోట కూలబడడానికి మెత్తటి బల్లలు, పేరు పెట్టి పిలిచే ఆయాలు. అక్కడి నెల సొమ్ము మేస్త్రి ఏడాదికీ కళ్లజూడడు. దయతలిచి ఉంచిన ఒకే ఒక్క ఉచిత పడక అప్పుడే ఖాళీ అయింది. దానికి మాత్రం పరీక్ష ఉంది. మనిషి ఏ పనికీ పనికిరాదని తేలాలి.

మేస్త్రి భార్యను తీసుకుని వెళ్లాడు. పరీక్ష పెట్టే సిస్టర్ నవ్వుమొహంతో ఎదురుగా కూర్చుంది.

"ఈయనెవరమ్మా?"

"కొట్లో పనోడు. మొహం దొంగమొహం గానీ చెయ్యి మంచిది."

"ఇప్పుడెక్కడున్నాం?"

ఆవిడ దిక్కులు చూసింది. ఒక్కో ప్రశ్నా తప్పుతుంటే మేస్త్రి గుండె చివుక్కుమంటూనే ఉంది, పడక దగ్గర పడుతోందని సంతోషమూ ఆగడంలేదు. పెళ్లాం అన్నీ తప్పాలని దేవుళ్లందరికీ మొక్కిన మొగుడు ఆయనొక్కడే అయ్యుంటాడు.

ఇంతలో ఆవిడ ఏడుపు లంకించుకుంది. "ఇంటికి పోతా, మా అమ్మ చూస్తూంటుంది" అని నుదురు బాదుకోసాగింది. కొట్లో ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నప్పుడల్లా పళ్లు కోయని తాళంచెవీ ఆకురాయీ చేతిలో పెట్టడం మేస్త్రికి పాత అలవాటు. జేబులో అవి ఎప్పుడూ ఉంటాయి. ఏడుపు చూడలేక ఆయన చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.

ఏడుపు టక్కున ఆగింది. సిస్టర్ నడుముకు వేలాడుతున్న సొరుగు తాళంచెవిని ఆవిడ ఒక్కసారి చూసింది. కరకరా గీసింది, పొడి ఊదింది, సొరుగు తాళంలో పెట్టి తిప్పింది. తెరుచుకుంది.

సిస్టర్ చప్పట్లు కొట్టింది. నిజంగానే ముచ్చటపడింది, అదీ ఖర్మ.

"ఏంటి పెద్దాయనా, ఇంత పనిమంతురాల్ని తెచ్చి మా మీద పడేస్తున్నావ్?"

"అది చేతులు చేసిన పనమ్మా. అందులో ఆవిడ లేదు."

"ఇంతకన్నా పాడైపోయినవాళ్లు చాలామంది కాచుకునున్నారు. వాళ్లకేం చెప్పను?"

"మేడమీద చేరిన పెద్దమనిషి పేకాటలో అందరినీ ఓడిస్తున్నాడు కదమ్మా. ఆ గదికి తాళం వేసింది నేనే."

"ఆయన డబ్బు కట్టారు. ఆయనకి పరీక్ష ఎందుకు?"

ఆమె గొంతులో వెటకారం లేదు. వర్షం పడితే తడుస్తాం అన్నట్టు చెప్పింది.

ఇంటికొచ్చి మేస్త్రి ఆకురాయి దాచేశాడు. ఆవిడ గోళ్లతో గోడ గీకింది, రక్తం వచ్చేదాకా. తిరిగి ఇచ్చేశాడు. మర్నాడు తలుపుకి ఏదో బిగించి కొట్టుకు పోయాడు. ఆ తర్వాత ఆవిడ రోడ్డు మీద కనబడలేదు. వీధి వీధంతా మేస్త్రి చేతిపనిని పొగిడింది.

"మొత్తానికి సాధించావన్నయ్యా!" అంది కుట్టుమిషనావిడ. లోపల ఆకురాయి కరకరలాడుతూనే ఉంది. "వదినే తెరవలేని తాళమంటే ఇక ఎవడూ తెరవలేడు. నిప్పో గిప్పో అంటుకుంటే మాత్రం? ఒక చెవి నా దగ్గర పెట్టి పో."

మేస్త్రి పనిసంచీ భుజాన వేసుకున్నాడు.

"చెవి లేదమ్మా. అది తాళం కాదు, బయటి గడియ. ఎవరైనా తియ్యొచ్చు, లోపలున్న మనిషి తప్ప."