ఆడవాళ్ళ రోజున నుమాయిష్‌కు, జడ ఉన్న మగవాడితో

నాంపల్లిలో ఏటా చలికాలంలో నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్ పెడతారని హైదరాబాదులో పుట్టిన ప్రతివారికీ తెలుసు. తెలిసి ఉండటం వేరు, వెళ్ళడం వేరు. మా ఇంట్లో పోయిన ఏడాది పిల్లలకు దగ్గు వచ్చింది. అంతకుముందు ఏడాది పిల్లలకు తగ్గి మా అబ్బాయికి వచ్చింది. ఈసారి ఎవరికీ ఏ రోగమూ లేకపోవడంతో వెళ్ళక తప్పలేదు. అసలు కారణం మా మనవడు రాఘవ. అక్కడ చిన్నపిల్లల రైలు ఉందని, అది నిజంగానే కూత వేస్తుందని బడిలో ఎవడో వీడికి చెప్పాడు. ఆనాటి నుంచి చాదర్‌ఘాట్‌లోని మా రెండు గదుల ఇల్లు స్టేషనై కూర్చుంది. పూజకు కూర్చుందామని చూస్తే నా పీట అప్పటికే కాజీపేట దాటి పోయి ఉండేది. ఆ రైలు సంగతేమిటో చూడాలని నాకూ కుతూహలం పుట్టింది. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పినదాన్ని, పిల్లల పేరు చెప్పి నా కోరిక తీర్చుకోవడం నాకు కొత్త కాదు.

రాఘవ గురించి ఒక మాట ముందే చెప్పాలి. వాడికి ఆరేళ్ళు, నడుము దాకా జడ. పసితనంలో జబ్బు చేసినప్పుడు మా కోడలు సులోచన వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. పుట్టువెంట్రుకలు అక్కడే తీయించాలి, అంతవరకు కత్తెర తగలకూడదు. మొదటి కత్తెర మేనమామ వేయాలి. ఆ మేనమామ మిలిటరీలో ఉన్నాడు. ఆయనకు సెలవు దొరికితే ముహూర్తం ఉండదు, ముహూర్తం ఉంటే సరిహద్దులో ఏదో ఒకటి మొదలవుతుంది. జుట్టు మాత్రం ఎవరి సెలవు కోసమూ ఆగకుండా పెరిగింది. బడిలో ‘జడగాడు’ అంటే వీడు కొట్టి వస్తాడు, ఆ తర్వాత వాళ్ళ అమ్మలు మా ఇంటికి వస్తారు. నిక్కరు, చొక్కా వేసినా చలికి పైన పొడుగు స్వెట్టరు తొడిగేసరికి చూసినవాళ్ళంతా పాప అనే అంటారు. ఆ ఒక్క మాటకు తప్ప వాడు దేనికీ ఏడవడు.

నుమాయిష్‌లో ఒక రోజు ఆడవాళ్ళకు మాత్రమే. లోపల పనిచేసేవాళ్ళను తప్ప మగవాళ్ళను గేటు లోపలికి రానివ్వరు. ఆ రోజు తోపులాట ఉండదని సులోచన దాన్నే ఎంచుకుంది. ఆడవాళ్ళు తోయరు, నిజమే. మోచేతులతో పని కానిస్తారు. మూడు దాటాక బయలుదేరాం. బస్సయితే చవక, కానీ అబిడ్స్‌లో దిగి పిల్లలను ఈడ్చుకుంటూ నడవాలి. అందుకని రిక్షా మాట్లాడాం. రూపాయి అడిగిన రిక్షావాడు ముప్పావలాకు దిగాడు. నేను, కోడలు, రాఘవ, నాలుగేళ్ళ పద్మ రిక్షాలో, మా అబ్బాయి నర్సింగరావు వెనకాల సైకిల్ మీద. గేటు దాకా దింపి, మేం తిరిగి వచ్చేదాకా బయట నిలబడటం అతని వంతు.

కోఠీ దాటి అబిడ్స్‌లో పడ్డాక రిక్షావాడు వెనక్కి తిరిగి పిల్లలను చూశాడు. "ఇద్దరు ఆడపిల్లలేనా అమ్మా? మంచిగున్నరు, లచ్చిందేవుల లెక్క."

"నేను మొగోన్ని," అన్నాడు రాఘవ.

"అబ్బో! మరి గీ జడ ఏంది?"

"వేములాడ రాజన్నది. నాది గాదు."

"గట్ల చెప్పు మల్ల. దేవుని జడనా!" అని అతను తొక్కుతూనే నవ్వాడు. "అయితే నీకు ఇయ్యాల కష్టమే గద అన్నా. గాడ ఇయ్యాల ఆడోళ్ళ దినం. మొగోళ్ళను రానియ్యరు."

ఈ సంగతి వాడికి ఎవరమూ చెప్పలేదు. చెప్పవలసిన విషయమని మాకు తోచనే లేదు. వాడు నా కొంగు పట్టుకున్నాడు. "బాపమ్మా, నిజమేనా?"

"చిన్న పిల్లగాండ్లను రానిస్తరు లేరా, ఫికర్ చెయ్యకు," అంది సులోచన.

వాడు కొత్త బట్టల దుకాణాలనూ చూడలేదు, చెప్పుల దుకాణంలో గాజు వెనక నిలబెట్టిన నిలువెత్తు బొమ్మనూ చూడలేదు. నాంపల్లి స్టేషన్ రోడ్డు వచ్చేదాకా ఆలోచించి, చివరికి అడిగాడు. "నన్ను ఏమనుకోని రానిస్తరు?"

పరీక్ష పేపర్లలో నేను ఇంత మంచి ప్రశ్న ఎన్నడూ ఇవ్వలేదు.

నాలుగు గంటల వేళకు గేటు ముందు దిగాం. పెద్దలకు టికెట్టు, పసిపిల్లలకు లేదు. రోడ్డుకు ఇటువైపు చీరలు, బురఖాలు, చంకల్లో పిల్లలు. అటువైపు ఇరానీ హోటల్ ముందు భార్యలను దింపి వచ్చిన మగవాళ్ళు, చేతుల్లో చాయ్ కప్పులు, ముఖాల్లో దిక్కులేనితనం. గేటు దగ్గర భుజానికి బిళ్ళ తగిలించుకున్న ఒక భారీ ఆడమనిషి నిలబడి అందరినీ లోపలికి తోలుతోంది. సులోచన పద్మను ఎత్తుకుని ముందు వెళ్ళింది. వెనక నేను, నా చేయి పట్టుకుని రాఘవ.

"చల్ బేటీ, జల్దీ నడువు, దాదీ చెయ్యి ఇడువకు," అందామె.

రాఘవ అక్కడే ఆగిపోయాడు. "నేను బేటీని గాదు. మొగోన్ని."

"అచ్ఛా? ఇంత మంచి జడ ఏసుకోని మొగోన్నంటవా?"

వాడు మరో మాట లేకుండా సాక్ష్యం చూపడానికి నిక్కరు గుండీ మీద చేయి వేశాడు. సమయానికి నేను పట్టుకున్నాను కాబట్టి నాంపల్లి బతికింది. వెనకున్న ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఆ గేటామె మాత్రం నవ్వు ఆపుకుని నడుముకు చేతులు పెట్టుకుంది.

"అయితే ఇయ్యాల లోపల మొగోళ్ళకు జాగ లేదు సాబ్. మొగోళ్ళంత సడక్ అవుతల నిలవడాలె. చూడుండ్రి, ఎంతమంది ఉన్నరో!"

వేళాకోళమని మాకు తెలుసు. వాడికి అది తీర్పు. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి సన్నగా రైలు కూత వినపడింది. వాడు ఒక్కసారి అటు చూశాడు. అయినా నా చేయి విడిపించుకుని గిరుక్కున తిరిగి రోడ్డు వైపు నడిచాడు. ‘నువ్వు పద్మతో లోపలే ఉండు, రైలు దగ్గర కలుస్తా’ అని కోడలికి కేకేసి వాడి వెనక పరుగెత్తాను. ఈ వయసులో నేను పరుగెత్తడం అటుపక్క మగవాళ్ళకు కూడా ఒక వినోదమైంది.

మా అబ్బాయి కంగారుపడి ఎదురొచ్చాడు. "ఏందిరా, ఎందుకచ్చినవ్?"

"మొగోళ్ళకు జాగ లేదన్నరు బాపూ," అని వాడు తండ్రి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చిన్నపిల్లలకు అడ్డు లేదని, ఆమె హాస్యానికి అన్నదని నేను చెప్పాను. "మొగోళ్ళను రానియ్యరంట. పిల్లలనైతే రానిస్తరంట. నేను ఒకటో తరగతి. బాపుతోనే ఉంట," అన్నాడు. నాకూ చాయ్ తెప్పించారు. అంతమంది మగవాళ్ళ మధ్య ముసలమ్మను నేనొక్కదాన్నే. ఎదురుగా ఆడవాళ్ళ రాజ్యం, ఇక్కడ నేను పరదేశిని.

వినగా వినగా నాకు తెలిసిందేమిటంటే, మగవాళ్ళు తమలో తాము ఉన్నప్పుడు ఏమీ మాట్లాడుకోరు. ఒకాయన ఆఫీసు బదిలీల గురించి చెప్పాడు. ఇంకొకాయన ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి ధర చెప్పాడు. మొదటాయన మళ్ళీ బదిలీల గురించి చెప్పాడు. రాఘవ మొదట శ్రద్ధగా విన్నాడు. తర్వాత బూటుతో రాయిని అటూ ఇటూ దొర్లించాడు. లోపల కూత వేసినప్పుడల్లా రాయి ఆగేది. అలా చాలాసేపు గడిచింది. చలి మొదలైంది, లోపల దీపాలు వెలిగాయి, పెద్ద రంగులరాట్నం గోడ మీద నుంచి లేచి కనిపించింది. వాడు నా దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా చెవిలో అడిగాడు.

"బాపమ్మా, పూలు గొనియ్యవా?"

"ఎవరికిరా?"

"జడకు."

హోటల్ పక్కన బుట్ట పెట్టుకున్న ఆమె దగ్గర మూరెడు చేమంతులు కొన్నాను. మా అబ్బాయి, "అమ్మా! ఏందిది, వాడు మొగపిల్లగాడు," అని గొణిగాడు. "నువ్వు మిర్చి ధర విను," అన్నాను. జడలో పూలు గుచ్చుతుంటే రాఘవ యుద్ధానికి పోయేవాడిలా బిగుసుకుని నిలబడ్డాడు. మళ్ళీ రోడ్డు దాటి నాకు ఇంకో టికెట్టు కొన్నాను. గేటామె వాడిని చూసింది, పూలు చూసింది, నన్ను చూసింది. ఆమె ఇప్పుడు గనక నవ్విందంటే వీడు ఇక జన్మలో రైలు పేరెత్తడు.

"ఎవరు నువ్వు?" అందామె.

"నేను చెల్లెను," అన్నాడు రాఘవ సన్న గొంతుతో. "ఇందాక వచ్చినోడు మా అన్న. గాడ బాపుతోని ఉన్నడు."

ఆమె రోడ్డు అవతలికి చూసి తల పంకించింది. "ఔ, కనవడ్తున్నడు. మంచి పిల్లగాడు. నువ్వు పో బిడ్డా." ముఖంలో ఒక్క గీత కదలలేదు. ఉర్దూలో నేను ఒక మంచి మాట చెప్పి దండం పెట్టాను.

లోపల కాశ్మీరు శాలువాల దుకాణాలు, లక్నో బట్టలు, పళ్ళెమంత అప్పడాలు, మనిషిని లావుగా చూపే అద్దాలు ఉన్నాయి. ఆ అద్దాలకు నేను డబ్బులివ్వలేదు, ఆ పని ఇంట్లో అద్దం ఉచితంగానే చేస్తోంది. రైలు దగ్గర సులోచన వీడి పూలు చూసి నోరు తెరిచింది. నేను కళ్ళతో మూయించాను. రైలంటే నాలుగు డబ్బాలు, పచ్చరంగు ఇంజను, ఒక గుండ్రటి దారి. అబద్ధం చెప్పడమెందుకు, నాకూ ఎక్కాలనిపించింది. మోకాళ్ళు ముడుచుకుని పద్మను ఒళ్ళో పెట్టుకుని ఎక్కాను కూడా. రాఘవ మొదటి డబ్బాలో, వాడి పక్కన రిబ్బన్లు కట్టుకున్న ఎనిమిదేళ్ళ పిల్ల.

ఆ పిల్ల వాడి జడను చేతిలోకి తీసుకుని తూకం చూసింది. "ఎంత లావుగుందే! ఏం నూనె పెడ్తవ్?"

"కొబ్బరినూనె," అన్నాడు వాడు గంభీరంగా. "మా అమ్మ రోజు రాస్తది."

ఇంజను తోలే తెల్లగడ్డం సాయిబు వెనక్కి తిరిగి, "సీటీ ఎవరు కొడ్తరు బచ్చీలారా?" అని కూత వేసే తాడు చూపించాడు. రాఘవ చేయి ఆకాశానికి లేచింది. రిబ్బన్ల పిల్ల లాగి కిందికి దించింది.

"పాగల్, ఆడపిల్లలు సీటీ కొట్టరు. ఇంజన్ పని మొగోళ్ళది."

వాడు అటు తిరిగాడు. ఇంతసేపూ తాను మగవాణ్ణని నాంపల్లి అంతా చాటినవాడు, ఇప్పుడు ఆ ఒక్క మాట చెబితే సీటీ వాడిదే. నేను పద్మను పట్టుకుని ముందుకు వంగాను.

"ఎవరన్నరు కొట్టరని?" అన్నాడు రాఘవ. "ఆడపిల్లలు కూడ కొడ్తరు. ఇద్దరం కొడ్దం, దా!"

సాయిబు పక్కకు జరిగాడు. ఇద్దరూ తాడు పట్టుకుని లాగారు. రైలు తిరిగినంతసేపూ ఆ కూత ఆగలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. నా ఒళ్ళో పద్మ కేకలు పెట్టింది. నా చెవులు ఇంటికి వచ్చాక కూడా చాలాసేపు మోగాయి.

ఎనిమిది కాకముందే బయటికి వచ్చాం. గేటు దాటగానే రాఘవ జడలోని పూలు తీసి పద్మ తలలో పెట్టేశాడు. మా అబ్బాయి సైకిల్ స్టాండు తీస్తూ, "ఎట్లున్నదిరా రైలు?" అని అడిగాడు.

"నాకేమెరుక బాపూ?" అన్నాడు వాడు. "నేను నీతోనే బయట ఉన్న గద. ఎక్కింది చెల్లె."

వాడు సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని మగవాడిలా ఇంటికి పోయాడు. రిక్షాలో సులోచన నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం దారంతా ఆలోచించాను. పరువుకూ కోరికకూ మధ్య చిక్కుకుంటే పెద్దవాళ్ళం ఏదో ఒకటి వదులుకుని మిగతా కాలమంతా దాన్ని గురించి సణుగుతాం. వీడు రెంటినీ దక్కించుకున్నాడు, దారిలో ఎవరికో సీటీ తాడు కూడా అందించాడు. అది తెలిసి చేశాడా, సీటీ మీద ఆశతో చేశాడా అని నన్నడిగితే చెప్పలేను. అడిగితే వాడు చెప్పడు, ఆ సమయంలో వాడు అక్కడ లేడు కదా.

వెళ్ళదలచినవారికి ఒక మాట. గేటు దగ్గర టికెట్టు చింపాక ఏ కారణం చేత వెనక్కి వచ్చినా మళ్ళీ టికెట్టు కొనవలసిందే. కాబట్టి ఆడవాళ్ళ రోజున మగపిల్లవాణ్ణి తీసుకువెళ్ళేవారు, వాడు లోపలికి ఏ హోదాలో వస్తాడో రోడ్డు ఇవతలే తేల్చుకుని మరీ టికెట్టు తీసుకోండి.