ఇంజను ఆపి నడిచిన మనిషి

మొన్న పొద్దున మా మనవరాలు పసివాడికి ఒళ్ళు రుద్దడానికని ఆముదం వెచ్చబెట్టింది. ఇంతలో ఫోను మోగితే అటు పోయింది, గిన్నెలో నూనె మాడింది. ఇంట్లో అందరూ ముక్కులు మూసుకుని కిటికీలు తెరిచారు. నేను మాత్రం పడక్కుర్చీలోంచి లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, పొగ చెదిరిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. "తాతయ్యా, ఈ కంపుని అలా పీలుస్తావేమిటి?" అని మనవరాలు నవ్వింది. ఏం చెప్పను? ఆముదమంటే ఆమెకు పసిపిల్లల తలంటు. నాకు బందరు రోడ్డు, దాని మీద దుమ్ము లేపుకుంటూ పోయే మోటారు సైకిలు, ఆ సైకిలు మీద నిటారుగా కూర్చున్న వెంకటరత్నం గారు. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఈ ఊళ్ళో నేను తప్ప ఎవరూ మిగల్లేదేమో. అందుకే ఓపిక ఉండగానే రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వాడి వదిలేసిన మోటారు సైకిళ్ళు మద్రాసులో వేలం వేశారు. బెజవాడలో రైసుమిల్లు నడిపే చలపతిరావు గారు సరదాపడి ఒకటి తెచ్చారు. ఆయన్ని చూసి మరొకరు, వాళ్ళని చూసి ఇంకొకరు, చూస్తుండగా ఏడు బళ్ళయ్యాయి. ఏడు బళ్ళున్నాక క్లబ్బు లేకపోతే ఎలాగన్నారు చలపతిరావు గారు. స్టాప్ వాచీ ఆయన ఒక్కరి దగ్గరే ఉంది కనక ఆయనే కార్యదర్శి. పెట్రోలుకి అప్పటికింకా రేషనే. తలా కాస్త మిగిల్చి పోగేస్తే నెలకో పోటీకి సరిపోయేది. పంట మాసూళ్ళు అయ్యాక మొదలుపెట్టి, వేసవిలో కాలవలు కట్టేసేలోగా ముగించాలి. అదీ మా సీజను. అందులో ఎక్కువ పోటీలు గెలిచినవాళ్ళకి క్లబ్బు కప్పు. మా నాన్నది చీరల కొట్టు. ఆ ఏడుగురిలోకీ చిన్నవాణ్ణి నేనే. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు నాకు మోటారు సైకిలు దొరికిందని మా నాన్న కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. చివరికొక రోజు పంచాయితీ తేల్చేశాడు. "ఒరే పాండురంగం, ఈ ఒక్క సీజనూ చూస్తా. కప్పు తెచ్చావా, బండి ఉంచుకో. తేలేదా, అమ్మేసి బుద్ధిగా కొట్లో కూర్చో." ఆ బండి లేకుండా బతకటమంటే ఏమిటో అప్పట్లో నాకు ఊహకి కూడా అందేది కాదు.

వెంకటరత్నం గారు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. జనం మాత్రం డాక్టరు గారనే పిలిచేవారు. యుద్ధంలో బర్మా అడవుల్లో సైన్యం కంచరగాడిదలకు వైద్యం చేశారు, మోటారు సైకిలు కూడా అక్కడే నేర్చుకున్నారు. నలభై దాటిన మనిషి, బక్కపలచగా, ఖాకీ నిక్కరూ కాన్వాసు బూట్లూ. బండి దిగితే ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. ఎక్కితే మాత్రం, నిజం చెబుతున్నాను, నాకు ఊపిరాడేది కాదు. వాన పడి జిడ్డుగా ఉన్న కాలవ గట్టు మీద మేమంతా హ్యాండిలు బిగబట్టుకుని, పళ్ళు కొరుక్కుంటూ, కాళ్ళు నేలకి ఆనిస్తూ పోతుంటే, ఆయన ఆఫీసు కుర్చీలో కూర్చున్నంత నింపాదిగా మమ్మల్ని దాటిపోయేవారు. వెనక చక్రం పక్కకి జారుతుంటే జారనిచ్చేవారు, అదే మళ్ళీ దారికొచ్చేది. "చేతులు అంత బిగిస్తావేం? మీవాళ్ళు మగ్గం మీద అలాగే బిగిస్తారా? పోగు తెగదూ?" అన్నారొకసారి. మా నాయనమ్మ మగ్గం దగ్గర పెరిగినవాణ్ణి, ఆ ఒక్క మాటతో నాకు సగం విద్య వచ్చేసింది.

మా పరిచయం జరిగింది నా తెలివితక్కువతనం వల్లే. మంచి ఇంజను నూనె దొరకని రోజులవి. ఆయన గానుగ దగ్గర ఆముదం తెచ్చి, వడకట్టి, ఇంజనులో అదే పోసేవారు. ఎంత వేడెక్కినా ఆముదం అంటిపెట్టుకునే ఉంటుంది. ఆయన వెళ్ళిన దారంతా ఆ వాసన. రహస్యం దొరికింది కదా అని నేనూ ఇంట్లో ఆముదం సీసా ఎత్తుకెళ్ళి నా బండిలో వొంపేశాను. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయింది. ఊరు దాటకుండానే పిస్టను పట్టేసింది. బండి తోసుకుంటూ నేరుగా పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ ఒక గేదె, దాని వెనక నేను. గేదె పని అయ్యాక ఆయన చేతులు కడుక్కుని వచ్చారు.

"ఏం పోశావు?"

"ఆముదమండీ. మీరు పోస్తారుగా."

"పాత నూనె తీసేశావా?"

"సగం ఉందిగదండీ, పారబొయ్యడం దేనికని దాని మీదే పోశా."

ఆయన తిట్టలేదు, నవ్వనూ లేదు. గేదె డొక్క మీద వేసినట్టే సిలిండరు మీద చెయ్యి వేసి చూశారు. "ఆ రెండు నూనెలూ కలవ్వబ్బాయ్. కలిస్తే లోపల జిగురైపోద్ది. నేనేం చేస్తున్నానో చూశావు గానీ ఎందుకు చేస్తున్నానో అడగలేదు. అడిగితే పోయేదేముంది?" అన్నారు. పోటీలో తన మీద గెలవాలని తిరుగుతున్న కుర్రకుంక బండికి రెండు ఆదివారాలు ధారపోశారు. ముక్కముక్కా విప్పి, కిరసనాయిల్లో నానబెట్టి, ఒక్కొక్కటే నా చేత తుడిపించి, మళ్ళీ నా చేతే బిగింపించారు. మూడో ఆదివారం ఆ బండి మీదే ఆయన్ని ఓడించాను. గీత దాటాక నా దగ్గరికొచ్చి భుజం తట్టి, "ఇంజను భలే లాగింది కదూ!" అన్నారు. ఆ ముఖంలో ఉన్నది ఒట్టి సంతోషం. ఓడిపోయిన మనిషి అలా ఉండగలడని నాకు అంతకుముందు తెలియదు.

క్లబ్బు నియమాల్లో మొదటిది ఆయన పెట్టించినదే. రోడ్డు మీద ఎడ్లబండి ఎదురైతే ఇంజను ఆపాలి, దిగాలి, బండి పూర్తిగా దాటేదాకా సైకిలుని తోసుకుంటూ నడవాలి. ఆ రోజుల్లో పల్లెటూరి ఎద్దులకి మోటారు సైకిలంటే దయ్యంతో సమానం. మాకందరికీ ఈ నియమం చిరాకే. కంకిపాడు పోటీలో నేను ఆయన వెనకగా వస్తూ దూరం నుంచి చూశాను. ఎదురుగా ఒకే ఒక్క గడ్డిబండి. ఆయన దాన్ని అల్లంత దూరాన చూసి ఇంజను ఆపేశారు, దిగి తోసుకుంటూ నడిచారు, బండివానికి దణ్ణం పెట్టారు, దాటాక ఇంకా కొంత దూరం నడిచి అప్పుడు కిక్కు కొట్టారు. ఆయనకి ఆ పోటీ కొద్దిలో పోయింది. నాకు కడుపు మండిపోయింది.

"ఒక్క బండేగదండీ! ఎవరూ చూళ్ళేదు కూడా," అన్నాను.

"ఎద్దు చూసిందిగా," అన్నారు. కాస్త ఆగి, "మనకిది ఆదివారం సరదా. వాడికి ఆ రెండు ఎడ్లే కూడూ గుడ్డాను," అన్నారు.

నేను తలూపాను. తలూపడానికి ఖర్చేముంది.

సీజను చివరికి వచ్చేసరికి ఆయనా నేనూ సమానంగా నిలిచాం. ఇక ఆఖరి పోటీ మా ఇద్దరికే. పొద్దున్నే బెజవాడ పొలిమేరలో బయలుదేరి ఉయ్యూరు చేరాలి. ఒకరు వెళ్ళిన ఐదు నిమిషాలకు ఇంకొకరు, ఎవరికి తక్కువ సమయం పడితే కప్పు వాళ్ళది. చీటీల్లో ముందు నా పేరు వచ్చింది. కంకిపాడు దాటేదాకా అంత బాగా నేనెన్నడూ నడపలేదు. ఆ తరవాత ఒక మలుపులో, కాలవ పక్కన, ఎదురుగా ఎడ్లబళ్ళ వరస కనిపించింది. తొమ్మిది బళ్ళు. రాత్రంతా ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీ దగ్గర చెరకు దించడానికి పడిగాపులు పడి, ఖాళీగా ఇళ్ళకు తిరిగొస్తున్నాయి. బండివాళ్ళు లోపల పడుకుని నిద్రపోతున్నారు, ఎద్దులే దారి పట్టుకుని నడుస్తున్నాయి. తొమ్మిది బళ్ళూ దాటేదాకా తోసుకుంటూ నడిస్తే కప్పు పోయినట్టే, కప్పు పోతే బండీ పోయినట్టే. ఇంజను ఆపలేదు. వేగం తగ్గించి, చప్పుడు వీలైనంత అణిచి, పక్కనుంచి పోనిచ్చాను. ఎనిమిది బళ్ళు ఏమీ అనలేదు. తొమ్మిదో బండి ఎర్రెద్దు ఒక్కసారి తల విదిలించింది. నేను దాటిపోయాను. వెనక కొయ్య విరిగిన చప్పుడు, నీళ్ళ చప్పుడు. అబద్ధం ఎందుకు, రెండూ విన్నాను. తల మాత్రం తిప్పలేదు.

ఉయ్యూరులో, నేను చేరి ఐదు నిమిషాలు దాటినా వెంకటరత్నం గారు రాకపోయేసరికి, చలపతిరావు గారు బంతిపూల దండ వేసి కప్పు చేతిలో పెట్టారు. తేలు కుట్టిన దొంగలా నవ్వుతూ నిలబడ్డాను. ఎంతకీ రత్నం గారి జాడ లేదు. చివరికి వచ్చారు, తల నుంచి బూట్ల దాకా తడిసి, మోచేతి దగ్గర చొక్కా చినిగి, నెత్తురుతో. "ఒక బండి కాలవలో పడిందండీ. ఎద్దుల మెడతాళ్ళు కోసి, అందర్నీ పైకి లాగేసరికి ఆలస్యమైంది," అని మాత్రం అన్నారు. "బండివాడు నిద్రపోయుంటాడు. వీళ్ళకిది మామూలే," అన్నారు చలపతిరావు గారు. రత్నం గారు అవుననలేదు, కాదనలేదు. నావైపు తిరిగి, "ఎద్దు తొడ చీరుకుపోయింది. కుట్లెయ్యాలి. పట్టుకోడానికి ఓ మనిషి కావాలి, వస్తావా?" అన్నారు.

ఆ ఎద్దు ఒక కొబ్బరిచెట్టు నీడలో పడుకుని ఉంది. బండివాని పేరు వీరాస్వామి. కుడి చెయ్యి వాచిపోయి, మెడకు కట్టుకున్న తువ్వాలులో వేలాడుతోంది. నేను ఎద్దు తల ఒళ్ళో పెట్టుకుని కొమ్ములు పట్టుకున్నాను. సూది దిగిన ప్రతిసారీ దాని వణుకు నా చేతుల్లోంచి గుండెల్లోకి పాకింది. వీరాస్వామి ఎదురుగా కూర్చుని, ఎడమ చేత్తో నెత్తి కొట్టుకుంటున్నాడు. "నా పాడు నిద్ర తగలెయ్య! బంగారం లాంటి ఎద్దు బాబూ. రేత్రి కాస్త మేలుకుంటే నా సొమ్మేం పోయింది? నా చేతులారా కాలవలో తోసుకున్నాను గదయ్యా!" అంటున్నాడు. ఆ మాటే మళ్ళీ మళ్ళీ. నేను చేసిన పాపాన్ని ఆ మనిషి నా కళ్ళముందే తన నెత్తిన వేసుకుని ఏడుస్తుంటే ఇక భరించలేకపోయాను.

"నీ నిద్ర కాదు. నేనే. ఇంజను ఆపలేదు," అన్నాను.

వీరాస్వామి నన్ను తేరిపార చూశాడు. తిడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. తల దించుకున్నాడంతే. రత్నం గారు తలెత్తకుండానే ఇంకో కుట్టు వేశారు. "దుమ్ములో నీ టైరు గుర్తుంది. పక్కన కాళ్ళ గుర్తులు లేవు," అన్నారు మెల్లిగా.

"అయితే అక్కడే ఎందుకు చెప్పలేదండీ?"

"నేను చెబితే చాడీ అవుద్ది. దాని తల కదలకుండా పట్టుకో."

ఆ సాయంత్రమే కప్పు చలపతిరావు గారికి తిరిగిచ్చి జరిగింది చెప్పాను. ఆయన నా ముఖం చూడలేదు. నాన్నకీ చెప్పాను. బండి అమ్మేస్తానన్నాను. నాన్న చేతిలో చీర మడతపెడుతూ, "ముందా మనిషి సంగతి చూడరా, బండి ఎక్కడికి పోద్ది," అన్నాడు. వీరాస్వామి చెయ్యి, ఎద్దు తొడ మానేదాకా అతని చెరకు తోలడానికి ఎవరూ లేరు. రత్నం గారు తెలిసినవాళ్ళ దగ్గర ఒక ఎద్దుని బదులు ఇప్పించారు. తోలడం నా వంతు. ములుకోల పట్టడం కూడా రాని చీరల కొట్టువాణ్ణి చూసి పొలాల్లో ఆడవాళ్ళు పనులాపి మరీ నవ్వేవారు. నాలుగు రోజులకు అరచేతులు బొబ్బలెక్కాయి. పది రోజులకు ఎద్దులు నా మాట వినడం మొదలుపెట్టాయి. అది ఏ కప్పుకీ తీసిపోదనిపించింది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున, నిండా చెరకుతో ఉయ్యూరు వైపు వెళ్తున్నాను. దారిలో పిట్ట మనిషి లేడు. దూరంగా మోటారు సైకిలు చప్పుడు వినిపించింది, వెంటనే ఆగిపోయింది. చూద్దును కదా, రత్నం గారు. ఏదో ఊళ్ళో పశువుల్ని చూసి తిరిగొస్తున్నట్టున్నారు. పోటీ లేదు, క్లబ్బు లేదు, ఎడ్లబండి మీద ఉన్నది నేనే, ఆయన చేత బండి విప్పించుకున్న కుర్రకుంకని. చెయ్యి ఊపి, కాస్త మెల్లిగా పోనిస్తే ఎవరు కాదంటారు? ఆయన దిగి తోసుకుంటూ వస్తున్నారు. ఇసుక పొరలో చక్రం దిగబడుతుంటే వంగి, ఎగబీలుస్తూ, చెమటలు కారుతూ వచ్చారు. నా పక్కకొచ్చాక అందరు బండివాళ్ళకూ పెట్టినట్టే నాకూ దణ్ణం పెట్టారు. నన్ను దాటాక కూడా కిక్కు కొట్టలేదు. చాలా దూరం నడిచి, ఇక నా ఎద్దులకు వినపడదనుకున్నాకే ఎక్కారు. నేను చెరకు మోపుల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను.

తరవాత ఇంకో రెండు సీజన్లు పోటీ చేశాను, ఒక్కసారీ కప్పు రాలేదు. రత్నం గారికి నెల్లూరు బదిలీ అయింది, ఆ తరవాత కబురు తెలియలేదు. జీవితమంతా కొట్లో కూర్చుని చీరలమ్మాను. ఎవరికి తెలుస్తుందిలే అనిపించిన సందర్భాలు వ్యాపారంలో బోలెడు వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ నాకు ఆ చెరకు బండి మీద నేను కూర్చున్న చోటు గుర్తొచ్చేది, చెయ్యి దానంతటదే ఆగిపోయేది. పోటీల్లో ఆయన నన్ను ఎన్నిసార్లు దాటిపోయారో నాకిప్పుడు జ్ఞాపకం లేదు. ఆ ఒక్క పొద్దున దాటినది మాత్రం అడుగడుగునా కళ్ళకు కడుతుంది. వంగి తోసుకుంటూ, అంత బరువు బండితో, ఆయన నా పక్కనుంచి నడిచి వెళ్ళారు. నా ఎద్దులు చెవి కూడా కదపలేదు.